ఆగిపోయిన ఆటకు తాళంచెవి ఎవరి దగ్గరుండాలి?

మన గోడపత్రికలో కవితలు వస్తాయి, పుస్తక పరిచయాలు వస్తాయి, అప్పుడప్పుడు పండుగల మీద వ్యాసాలు వస్తాయి. కంప్యూటర్ ఆటల గురించి ఎవరూ రాయలేదు. "తెలుగు శాఖకూ దీనికీ ఏం సంబంధం?" అని మా రూమ్‌మేట్ ముందే అడిగింది. చివరిదాకా చదివాక సంబంధం లేదనిపిస్తే, నా వ్యాసం తీసేసి ఆ జాగాలో మరో కవిత అంటించండి, నేనేమీ అనుకోను.

మాది భివండి. మా బాపు ఇప్పటికీ "భీమండి" అనే అంటాడు. సిరిసిల్ల నుంచి అక్కడికి పోయిన వేల పద్మశాలి కుటుంబాల్లో మాదొకటి. ఇల్లు పద్మానగర్‌లో, బాపు సాంచాలు గైబీ నగర్‌లో. సాంచాలంటే మరమగ్గాలు. గైబీ నగర్‌లో ఒక గాలా కిరాయికి తీసుకుని నాలుగు సాంచాలు పెట్టుకున్నాడు. ఆ గల్లీలో మాట్లాడాలంటే నోరు చెవికి ఆనించాలి, అంత చప్పుడు. చుట్టూ అన్సారీ నేతగాళ్ళు, మధ్యలో మేము. పేక తెగితే అందరిదీ ఒకటే భాష.

2011లో, పదో తరగతి పరీక్షలైపోయిన సెలవుల్లో, మా అన్న ఒక ఆట తయారు చేశాడు. దాని పేరు "నాలుగు సాంచాలు". గైబీ నగర్‌లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్‌లో మల్టీమీడియా కోర్సు నేర్చుకుంటూ, ఫ్లాష్ 8 అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాడు. తెర మీద నాలుగు సాంచాలు ఆడుతుంటాయి. ఒకదాంట్లో కండె అయిపోతుంది, ఇంకోదాంట్లో పడుగు పోగు తెగుతుంది. మనం ఉరికి ఉరికి మౌసుతో నొక్కి ఆపాలి, కండె మార్చాలి, మళ్ళీ నడపాలి. ఆలస్యమైతే బట్టలో గీత పడుతుంది, సేటు కూలి కోస్తాడు. మూడు గీతలు పడితే ఆట అయిపోతుంది. అంతే ఆట. నాకప్పుడు ఆరేళ్ళు. నేనెప్పుడూ రెండు నిమిషాలకు మించి ఆడలేకపోయేదాన్ని.

దాంట్లో రెండు సంగతులు మాత్రం చెప్పాలి. చప్పుడు కోసం అన్న తన ఫోన్ పట్టుకుని గాలాలో నిలబడి, బాపు సాంచాల చప్పుడునే రికార్డు చేశాడు. పేరు కోసం తెలుగు అక్షరాలు టైపు చేస్తే వత్తులు విడిపోయి కనిపించాయట. పైగా అన్న చదివింది మరాఠీ మీడియం, అక్షరాలు సరిగా రావు. అందుకని బాపు కాగితం మీద మార్కర్‌తో "నాలుగు సాంచాలు" అని రాసిచ్చాడు. అన్న దాన్ని ఫోటో తీసి, గీతలుగా మార్చి ఆటలో పెట్టాడు.

2013 వానాకాలంలో నీళ్ళొచ్చి ఆ సెంటర్‌లో కంప్యూటర్లు పాడయ్యాయి. ఆట తయారీ ఫైలు పోయింది. ఆడుకునే ఫైలు మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లో మిగిలింది. 2018లో బాపు నాలుగు సాంచాలూ తుక్కు కింద, కిలోల లెక్కన అమ్మేశాడు. 2021లో లాక్‌డౌన్ రోజుల్లో ఆ పెన్‌డ్రైవ్ దొరికి ఆట తెరవబోతే బ్రౌజర్ తెరవలేదు. ఫ్లాష్‌కు ఇక మద్దతు లేదని ఒక వాక్యం మాత్రం కనిపించింది. బ్రౌజర్ అవసరం లేకుండా ఆడించే విడి ప్లేయర్ ఒకటుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. సాంచాలు పోయాయి, ఇప్పుడు వాటి బొమ్మ కూడా పోయిందనుకున్నాం.

అప్పటి నుంచి ఈ ఫ్లాష్ ఏమిటి, ఎందుకు ఆగిపోయింది అని చదవడం మొదలుపెట్టాను. చదివితే అదో పెద్ద కథ.

దాన్ని తయారు చేసినవారిలో ముఖ్యుడు జొనాథన్ గే. బడిలో ఉన్నప్పటి నుంచే ఆటలు రాసినవాడు. 1986లో మాకింతోష్ కంప్యూటర్ మీద వచ్చిన డార్క్ కాజిల్ అనే ఆట ఆయన రాసిందే. 1993లో స్నేహితులతో కలిసి ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ పెట్టి, కలంతో తెర మీద రాసే కంప్యూటర్ల కోసం స్మార్ట్‌స్కెచ్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ చేశాడు. ఆ కలం కంప్యూటర్లు బజారులో నిలబడలేదు. అంటే ఫ్లాష్ పుట్టిందే మరొకటి ఆగిపోయిన చోట అన్నమాట. మిగిలిన సాఫ్ట్‌వేర్‌కు కదలికలు చేర్చి, ఇంటర్నెట్ పేజీల్లో బొమ్మలు ఆడేలా చేశారు. 1995లో దాన్ని అడోబీకి అమ్మబోతే వాళ్ళు వద్దన్నారు. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే పేరుతో బయటికొచ్చింది. ఆ ఏడాది చివర మాక్రోమీడియా కంపెనీ కొని, ఫ్లాష్ అని పేరు మార్చింది. వద్దన్న అడోబీయే 2005లో సుమారు 340 కోట్ల డాలర్లకు మాక్రోమీడియా మొత్తాన్నీ కొన్నది!

మొదట అది బొమ్మలు కదిలించే పనిముట్టే. 2000లో వచ్చిన ఫ్లాష్ 5తో యాక్షన్‌స్క్రిప్ట్ అనే భాష కలిసింది. అప్పటి నుంచి అది ఆటల యంత్రమైంది. ఆటల యంత్రమంటే ఏమిటని అడిగే వాళ్ళకు నా మాటల్లో చెప్తాను. ప్రతి ఆటలోనూ కొన్ని పనులు మామూలుగా ఉంటాయి: బొమ్మ గీయడం, కదిలించడం, చప్పుడు వినిపించడం, ఏది నొక్కారో కనిపెట్టడం, రెండు వస్తువులు తగిలాయా అని చూడడం. ఇవన్నీ ముందే చేసిపెట్టిన యంత్రం మీద ఎవరి ఆట వాళ్ళు నేసుకోవడమే. సాంచా ఒకటే, బీము మార్చితే బట్ట మారుతుంది కదా, అట్లా. అసలు ఆటల యంత్రాలు తయారు చేసేవాళ్ళు ఫ్లాష్‌ను ఆ లెక్కలో వేయరేమో. కానీ గైబీ నగర్ పిల్లవాడికి దొరికింది అదే.

అదే దాని గొప్పతనం కూడా. బొమ్మ గీయడం వస్తే చాలు, నాలుగు లైన్ల కోడ్ రాస్తే బొమ్మ మౌసు వెంట వచ్చేది. ఫైలు చాలా చిన్నది, నెట్ నత్తలాగా నడిచే రోజుల్లోనూ తెరుచుకునేది. సైబర్ కేఫ్‌లో గంటకు పదో ఇరవయ్యో ఇచ్చి కూర్చున్న పిల్లలంతా ఆడింది ఫ్లాష్ ఆటలే. న్యూగ్రౌండ్స్, మినీక్లిప్ లాంటి చోట్ల ఊరూ పేరూ తెలియని కుర్రాళ్ళ ఆటలు లక్షల మంది ఆడారు. 2008లో ఫ్లాష్‌లో వచ్చిన మీట్ బాయ్ అనే చిన్న ఆటే తర్వాత సూపర్ మీట్ బాయ్‌గా పెరిగింది. 2009లో ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ వచ్చాక అమ్మలూ అత్తలూ కూడా పొలం దున్నారు. మా సిరిసిల్ల చిన్నమ్మ అర్ధరాత్రి లేచి పంట కోసేదని ఇప్పటికీ ఇంట్లో నవ్వుకుంటాం.

ఈ కథలో మన తెలుగువాడు కూడా ఒకరున్నారు. శంతను నారాయణ్, హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివారు. 2007 డిసెంబరులో అడోబీకి సి.ఇ.ఓ. అయ్యారు. ఫ్లాష్ వెలిగిన రోజులూ, కొండెక్కిన రోజులూ ఆయన హయాంలోనివే. 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాసి, ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటెందుకు లేదో కారణాలు చెప్పాడు. బ్యాటరీ తింటుంది, భద్రత లేదు, మాటిమాటికీ కూలిపోతుంది, వేలితో తాకే తెరకు పనికిరాదు, పైగా అది ఒకే కంపెనీ చేతిలో ఉంది అని. (ఐఫోన్ ఎవరి చేతిలో ఉందని అడగాలనిపిస్తుంది, అది వేరే మాట.) 2011 నవంబరులో ఫోన్ల కోసం ఫ్లాష్ తయారీ ఆపేశారు. 2015 జనవరిలో యూట్యూబ్ కూడా వదిలేసింది. 2017 జూలై 25న అడోబీ తేదీ ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో ఆఖరు. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ లోపల ఫ్లాష్ ఫైళ్ళు నడవకుండా అడ్డుకట్ట. ఫార్మ్‌విల్ కూడా అదే డిసెంబరు 31న మూతపడింది.

నేను ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. జాబ్స్ చెప్పినవాటిలో చాలావరకు నిజమే. ఫ్లాష్‌లో ఒక రంధ్రం పూడిస్తే ఇంకో రంధ్రం బయటపడేది, వాటిల్లోంచి దొంగలు కంప్యూటర్లలోకి దూరేవాళ్ళు. మూడేళ్ళ ముందే చెప్పి మూశారు, ఆ మర్యాద కూడా పాటించారు. పాత యంత్రం ప్రమాదకరమైతే ఆపాల్సిందే. ఆపినందుకు నాకు కోపం లేదు.

నా పేచీ అంతా ఆపిన తీరు మీద. యంత్రం ఆపడం వేరు, దాని మీద నేసిన బట్టనంతా మడతపెట్టి గదిలో వేసి తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకోవడం వేరు. ప్రకటన వచ్చిన 2017లోనే ఫిన్లాండ్ డెవలపర్ ఒకరు, ఫ్లాష్ మూలకోడ్‌ను అందరికీ ఇచ్చేయండి, మేం భద్రంగా చూసుకుంటాం అని విన్నపం పెట్టారు. వేలమంది బలపరిచారు. కోడ్ రాలేదు. కంపెనీల వైపు నుంచి కూడా ఒక వాదన ఉంది: అంత పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల నుంచి లైసెన్సు తీసుకున్న ముక్కలుంటాయి, వాటిని పంచే హక్కు తమకు లేదు, పైగా కోడ్ బయటపడితే రంధ్రాలు దొంగలకు ఇంకా సులువుగా దొరుకుతాయి. మొదటిది ఒప్పుకుంటాను. పరాయివాళ్ళ ముక్కలు తీసేసి మిగతాది ఇవ్వొచ్చు కదా. రెండోదానికి జవాబు మా గాలాలో ఉంది. మా సాంచాలు బాగుచేసే మిస్త్రీ చాచా, ఒక సాంచా పూర్తిగా పాడైతే దాని పళ్ళచక్రం తీసి ఇంకో సాంచాకు వేసేవాడు. ఆ సాంచాలు తయారు చేసిన కంపెనీ ఎప్పుడు మూతపడిందో ఆయనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఇనుము కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా విప్పి చూడొచ్చు, నేర్చుకోవచ్చు. ఏ భాగం వేలు కోస్తుందో కూడా అట్లా చూసే తెలుసుకుంటాం. మూసి ఉంచితే ప్రమాదం పోదు, కనిపించకుండా మాత్రం పోతుంది.

"కంపెనీలన్నీ ఇంతే, ఎవరైనా అట్లా ఇస్తారా?" అని మా సీనియర్ ఒకరు అన్నారు. ఇచ్చారు అక్కా. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ను 2002లో దాని కంపెనీ మూసేస్తే, తయారు చేసిన టోన్ రోజెండాల్ జనం దగ్గర చందాలు పోగేశాడు. ఏడు వారాల్లో లక్ష యూరోలు. ఆ డబ్బు పెట్టుబడిదారులకు కట్టి, 2002 అక్టోబరులో మూలకోడ్‌ను లోకానికి ఇచ్చేశాడు. దాంట్లోనూ ఒక ఆటల యంత్రం ఉండేది. 2019లో వచ్చిన 2.80 వెర్షన్‌లో బ్లెండర్ వాళ్ళు దాన్ని తీసేశారు, చూసుకునే మనుషులు లేక. అయినా అది చావలేదు. కోడ్ అందరి దగ్గరా ఉంది కాబట్టి, కొందరు దాన్ని విడిగా తీసుకుని యూపీబీజీఈ అనే పేరుతో నడిపిస్తున్నారు. తీసేసినవాళ్ళ మీద ఎవరికీ పగ లేదు. ఆగిపోవడానికీ అంతరించిపోవడానికీ తేడా ఇదే.

ఫ్లాష్ విషయంలో కూడా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు, అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. 2008లో ఫ్లాష్ ఫైలు లోపల ఏది ఎక్కడ ఎట్లా ఉంటుందో చెప్పే వివరణ పత్రాన్ని అడోబీ ఆంక్షలు లేకుండా విడుదల చేసింది. అంతకుముందు 2006లో యాక్షన్‌స్క్రిప్ట్‌ను నడిపే భాగం కోడ్‌ను మొజిల్లాకు ఇచ్చింది. యంత్రం ఇవ్వలేదు గానీ, యంత్రం ఎట్లా ఉంటుందో చెప్పే కాగితం ఇచ్చిందన్నమాట. ఆ కాగితం, ఇంకా చాలా ఓపిక పెట్టి, జీతం లేని మనుషులు రఫుల్ అనే కొత్త ప్లేయర్ రాస్తున్నారు. పాత ఫ్లాష్ ఫైళ్ళు దాంట్లో, ఆ పాత రంధ్రాలు లేకుండా నడుస్తాయి. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ రఫుల్ సాయంతోనే ఫ్లాష్ ఆటలను, బొమ్మలను దాచడం మొదలుపెట్టింది. ఫ్లాష్‌పాయింట్ అనే మరో బృందం 2018 నుంచి లక్షకు పైగా ఆటలు పోగేసింది. వాటిల్లో ఎవరికీ అక్కరలేని పిచ్చి ఆటలే ఎక్కువ, నేను కొన్ని చూశాను. అయినా దాచాలి. చాటు పద్యాలు పోగేసినవాళ్ళు అన్నీ గొప్ప పద్యాలనే పోగేశారా?

ఇప్పుడు మన శాఖ సంగతి.

మన కాలేజీ పాత వార్షిక సంచికల్లో తెలుగు విభాగం ఎట్లా తయారైందో తెలుసా? పోయిన నెల మేడమ్ గారు నాకూ ఇంకో ఇద్దరికీ ఒక సీడీల డబ్బా ఇచ్చి, ఏమున్నాయో చూడమన్నారు. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది రానే లేదు. అదీ ఆగిపోయిన సాఫ్ట్‌వేరే. అను ఫాంట్లలో టైపు చేసినది పైకి తెలుగులా కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే, మన సీనియర్ల కవితలన్నీ అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ అయిపోయి కనిపించాయి. ఒక కవితకు శీర్షిక కూడా చదవలేకపోయాం. ఒకప్పుడు పత్రికల వెబ్‌సైట్లూ ఇంతే, ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి ఫైర్‌ఫాక్స్‌లో "పద్మ" అనే చిన్న పనిముట్టు ఉండేది. (మా పద్మానగర్ పేరే, నాకు భలే సంతోషమేసింది.) యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా డీటీపీ సెంటర్లలో పాత పద్ధతే నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. మన సంచిక కిందటేడు కూడా అట్లాగే తయారైంది.

అందుకని నాకు తోచింది రాస్తున్నాను. మేడమ్ గార్లు తప్పుగా అనుకోవద్దు. ఈ ఏడాది సంచిక యూనికోడ్‌లోనే టైపు చేయిద్దాం. డీటీపీ ఆయన "డిజైన్ అంత అందంగా రాదమ్మా" అంటాడు, అననివ్వండి. అచ్చుకు ఇచ్చే ఫైలుతో పాటు మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి శాఖలో ఉంచుకుందాం. పాత సీడీల్లోవి మార్చడానికి కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, అరసున్నలు తప్పులు పోతాయి కాబట్టి మనిషి కూర్చుని దిద్దాలి. ఆదివారాలు నేను కూర్చుంటాను. ఇంకో నలుగురు కావాలి. పేర్లు ఈ కాగితం కిందే పెన్సిల్‌తో రాయండి.

ఇక మా ఆట సంగతి. పోయిన దసరాకు ఇంటికి పోయినప్పుడు రఫుల్‌లో ఆ ఫైలు వేసి చూశాను. తెరుచుకుంది. బాపు రాసిన అక్షరాలు చెక్కుచెదరకుండా వచ్చాయి. ఫాంటు కాదు, బొమ్మ కదా మరి. ఆ రోజు తెలుగు టైపు కాకపోవడమే మంచిదైందని అన్న నవ్వాడు. తయారీ ఫైలు లేదు కాబట్టి దాంట్లో ఒక్క ముక్క కూడా మార్చలేం, అది వేరే బాధ. "సేటు" అని రాయాల్సినచోట "సెటు" అని అన్న రాసిన తప్పు కూడా అట్లాగే ఉండిపోయింది.

బాపు ఇప్పుడు గోదాములో పనిచేస్తున్నాడు. ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడ్డ మనిషికి చెవులు సరిగా వినపడవు. ఫోన్ సౌండు మొత్తం పెంచి చెవి దగ్గర పెట్టాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న వైపు తిరిగి, "మూడో దాని బెల్టు జారుతుందిరా. అప్పుడే చెప్పిన మిస్త్రీకి, వినలేదు" అన్నాడు.